అటక మీది గోదావరి

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో మీరు రాముణ్ణి చూడ్డానికి పోతారు, లేకపోతే పాపికొండల బోటెక్కడానికి పోతారు. నేను మాత్రం పోయిన వానాకాలం ఒక పాత కంప్యూటర్ కోసం పోయాను. అది కూడా మామూలు పాతది కాదు. మెమరీ 48 కేబీ. మీ ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఉంది చూడండి, అది ఒక్కటి కూడా ఇందులో పట్టదు!

పిన్ని ఫోన్ చేసింది. "నాయనా, ఇల్లు అమ్మేసినం. వచ్చే నెల బెంగళూరు పోతన్నం, తమ్ముడి దగ్గరికి. అటక మీద మీ బాబాయి డొక్కు పెట్టె ఉంది. సోమవారం పాత సామాన్లాయన వస్తడు. నీకేమన్నా కావాలంటే ఈలోపు వచ్చి తీస్కపో."

శుక్రవారం సాయంత్రం ఆ ఫోన్. శనివారం పొద్దున ఆరింటికి నేను ఖమ్మం బస్టాండులో ఉన్నాను.

సంచిలో ఏముంది?

నాకు పాత కంప్యూటర్ల పిచ్చి. ఆరేళ్ళ వయసులో పట్టుకుంది, నలభై దాటినా వదల్లేదు. మా ఇంట్లో ఒక గది మొత్తం ఇవే. మా ఆవిడ దాన్ని మ్యూజియం అంటుంది. అమ్మ మాత్రం గోదాం అంటుంది. హైదరాబాద్ పోయినప్పుడల్లా ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంతలో తిరుగుతా. పాత రేడియోలు, కాలిపోయిన మిక్సీలు, కీబోర్డుల గుట్టల మధ్య ఎప్పుడన్నా ఒక నిధి దొరుకుతుంది. నాలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరో ఇద్దరో ఉంటారు. ఒకరికి చిప్ కావాలంటే ఇంకొకరు కొరియర్ చేస్తారు. ఎవరి మొహం ఎవరూ చూసి ఉండరు, కానీ ఎవరి అటక మీద ఏముందో అందరికీ తెలుసు.

ఆ రోజు నా సంచిలో మల్టీమీటర్, చిన్న స్క్రూడ్రైవర్లు, స్పిరిట్ సీసా, దూది పుల్లలు, క్యాసెట్ ప్లేయర్, ల్యాప్‌టాప్, 9 వోల్టుల అడాప్టర్ ఉన్నాయి. కండక్టర్ టికెట్ కొడుతూ సంచిలోకి తొంగిచూసి, "టీవీ మెకానిక్కా అన్నా?" అన్నాడు. "దాదాపు" అన్నాను.

బస్సు వైరా మీదుగా వెళ్ళింది. వైరా చెరువు నిండుగా ఉంది. తల్లాడ, ఏన్కూరు దాటితే రెండు పక్కలా పత్తి చేలు. జూలూరుపాడు దగ్గర నుంచి చెట్లు దగ్గర పడతాయి, గాలి మారుతుంది. రోడ్డు పక్కన నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది.

కొత్తగూడెంలో బస్సు కాసేపు ఆగింది. ఇక్కడి రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. పేరు చూసి దిగినవాళ్ళు గుడి ఎక్కడా అని వెతుక్కుంటారు. గుడి ఇంకా 40 కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఈ ఊరిది బొగ్గు కథ. ఇల్లెందు దగ్గర సింగరేణి ఊళ్ళో బొగ్గు దొరికింది 1871లో. ఆ ఊరి పేరే కంపెనీ పేరైంది, ఆ కంపెనీ హెడ్డాఫీసు ఇప్పుడు కొత్తగూడెంలో ఉంది.

కొత్తగూడెం దాటితే పాల్వంచ. చిన్నప్పుడు నాకు పాల్వంచ వచ్చిందని చెప్పేది బస్సు కండక్టర్ కాదు, థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు. దూరం నుంచే డమరుకాల్లాగా వరసగా కనపడేవి. 2024 ఆగస్టులో పాత ప్లాంటువి 8 టవర్లనూ ఒకేసారి కూల్చేశారు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. బాబాయి పని చేసింది ఆ ప్లాంటులోనే. కూల్చే రోజు దూరం నుంచి చూసి ఇంటికొచ్చి, ఆ పూట అన్నం తినలేదట. నలభై ఏళ్ళు చూసినవి నిమిషం కాకుండానే మట్టిలో కలిశాయి. ఆ మాట పిన్ని చెప్పింది. ఆయన చెప్పలేదు.

ఆరేళ్ళ పిల్లాడు, ఎర్ర నీలం గీతలు

అసలు కథ చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి.

1980ల్లో కంప్యూటరంటే ఏసీ గది, తెల్ల కోటు, చెప్పులు బయట విప్పి లోపలికి పోవడం. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అప్పటికే కంప్యూటర్లు తయారు చేస్తోంది. 1969లో వచ్చిన టీడీసీ-12 మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి. కానీ అవి ల్యాబులకీ, ప్లాంట్లకీ. ఇంట్లో మనిషికి కాదు.

ఇంట్లో మనిషి కోసం కంప్యూటర్ అనే ఆలోచనను ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన సామాన్యుడి దాకా తెచ్చాడు. 1982 ఏప్రిల్ 23న జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చింది. 16 కేబీ మోడల్ ధర 125 పౌండ్లు. మానిటర్ అక్కర్లేదు, ఇంట్లో టీవీకి తగిలిస్తే చాలు. డిస్కు అక్కర్లేదు, పాటలు వినే క్యాసెట్ ప్లేయర్ చాలు. 50 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. బ్రిటన్‌లో ఒక తరం మొత్తం దాని మీదే ప్రోగ్రామింగ్ నేర్చుకుంది.

మన దేశంలో పుణెకి చెందిన డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ లైసెన్సు తీసుకుని దాన్నే 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో ఇక్కడ అమ్మింది. వేలల్లో అమ్ముడుపోయాయంటారు. అందులో ఒకటి పాల్వంచకు, మా బాబాయి ఇంటికి వచ్చింది. 1988లో. అప్పటికి ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఫ్రిజ్ కోసం దాచిన డబ్బుతో ఇది కొన్నాడని పిన్ని ఇప్పటికీ అంటుంది.

1991 వేసవి సెలవులు. నాకు ఆరేళ్ళు. బాబాయి క్యాసెట్ పెట్టి నొక్కాడు. టీవీ అంచుల్లో ఎర్ర నీలం గీతలు పరిగెత్తాయి, తర్వాత పసుపు నీలం. కీచుమని ఒకటే కూత. పిన్ని వంటింట్లోంచి, "అది ఆపు, చెవులు పోతన్నయ్" అని అరిచింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆ కూతే ప్రోగ్రామట! సున్నాకి పొట్టి కూత, ఒకటికి దానికి రెండింతలు పొడుగు కూత. ఆ కూతలన్నీ విని, కంప్యూటర్ వాటిని అంకెలుగా గుర్తుపెట్టుకుంటుంది. బాబాయి నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని ఇది చెప్పాడు. నాకు అర్థం కాలేదు. కానీ ఆ రోజు నుంచి నేను మామూలు పిల్లాణ్ణి కాను.

బడి కంప్యూటర్, మీ జేబులో ఫోన్

ఇక్కడ మీకొక ముచ్చట చెప్పాలి. 1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. మొదట సుమారు 250 స్కూళ్ళకి ఇచ్చింది బీబీసీ మైక్రో అనే కంప్యూటర్. దాన్ని తయారుచేసింది ఇంగ్లండులోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ, సింక్లెయిర్‌కి పక్క వీధి పోటీదారు లాంటిది. ఇద్దరిదీ కేంబ్రిడ్జ్ ఊరే.

ఆ ఏకార్న్‌లో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు కలిసి 1985లో కొత్త ప్రాసెసర్ ఒకటి తయారుచేశారు. పేరు ఏకార్న్ రిస్క్ మెషీన్. పొట్టిగా ఆర్మ్. మొదట దాన్ని నడిపి చూసింది కూడా బీబీసీ మైక్రోకి తగిలించే. ఇప్పుడు ఇది చదువుతున్న మీ ఫోన్‌లో ఉన్నది దాని వంశమే. ఏ కంపెనీ ఫోనైనా సరే. అంటే మన అన్నలు, అక్కలు బడిలో బూజు దులిపి ముట్టుకున్న ఆ డబ్బాకీ, మీ చేతిలో ఉన్నదానికీ చుట్టరికం ఉందన్నమాట. అందుకే పాత కంప్యూటర్లంటే 'పాత సామాను' అని నేను ఒప్పుకోను. తాతలు అంటాను.

"ముందు అన్నం తిందురు"

ఇంటికి చేరేసరికి పిన్ని గుమ్మంలో ఉంది. "ఆ డొక్కు పెట్టె కోసం ఇంత పొద్దున్నే వచ్చినవా? కాళ్ళు కడుక్కో, ముందు అన్నం తిందురు."

ఇల్లంతా అట్టపెట్టెలు. గోడల మీద ఫొటోలు తీసేసిన చోట తెల్లటి గడులు మిగిలాయి. బాబాయి కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నాడు. కాస్త సన్నబడ్డాడు. "ఏరా, అటకెక్కుతవా? నిచ్చెన దొడ్లో ఉంది" అన్నాడు. అంతే, ఇంకేం మాట్లాడలేదు.

అటక మీద ఇత్తడి బిందెలు, విరిగిన ఉయ్యాల బల్ల, వాటి వెనక పాత దుప్పటిలో చుట్టిన పెట్టె. నల్లటి ప్లాస్టిక్కు, మూల మీద రంగుల చారలు. దానితోపాటు ఒక గడుల నోటుపుస్తకం, మూడు క్యాసెట్లు. రెండు గేములవి. మూడో దాని మీద బాల్ పెన్నుతో తెలుగులో రాసి ఉంది: 'అమ్మకు'.

కిందికి తెచ్చి చూపించాను. బాబాయి క్యాసెట్ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంకా ఉందా ఇది?"

"ఏంది బాబాయ్ ఇది?"

"నాయనమ్మకు చేసిన. నీకు గుర్తుండదులే."

అప్పుడు చెప్పాడు. మా నాయనమ్మ ఇల్లు బూర్గంపాడు వైపు, గోదావరి ఒడ్డున ఉండేది. కిన్నెరసాని వచ్చి గోదావరిలో కలిసేది ఆ దగ్గరే. 1986 ఆగస్టు వరదకు ఊళ్ళో అందరితోపాటు కట్టుబట్టలతో బయటపడ్డారు. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. ఆ అంకె ఇప్పటిదాకా రికార్డే. 2022 జూలైలో మనందరం ఫోన్లలో చూసి భయపడ్డ వరద కూడా 71.3 దగ్గర ఆగింది. ఇది నది లోతు కాదు, గేజీ మీది అంకె. ఇప్పుడు 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 75.6 అంటే మూడో హెచ్చరిక మీద ఇంకో రెండంతస్తుల మేడ ఎత్తన్నమాట.

మట్టిగోడల ఇల్లు. ఏమీ మిగల్లేదు. ట్రంకు పెట్టెలో ఉన్న పెళ్ళి ఫొటోలు, తాత ఫొటో, ఇంటి ముందు అందరూ నిలబడి తీయించుకున్న ఒకే ఒక్క ఫొటో, అన్నీ పోయాయి. నాయనమ్మను బాబాయి పాల్వంచ తెచ్చుకున్నాడు. ఆమె మళ్ళీ ఆ ఊరు పోలేదు. పొమ్మన్నా పోలేదు. కానీ రోజూ ఒక మాట అడిగేదట. "వరద తీసిందా?" అని. ఏడాదైనా, రెండేళ్ళైనా. వేసవిలో గోదావరి ఇసుక తేలినప్పుడు కూడా.

"అందుకని మన ఇల్లు బొమ్మ గీసిన దీంట్లో. మీట నొక్కితే నీళ్ళు వస్తయ్. ఇంకోసారి నొక్కితే తీస్తయ్. ఆమెకు టీవీలో చూపిచ్చిన."

"చూసి ఏమన్నది?"

"చింతచెట్టు ఇటు పక్క కాదురా, అటు పక్క అన్నది." బాబాయి నవ్వాడు. "రాత్రంతా కూచోని మార్చిన."

మా ఇంటి బొమ్మ ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఈ క్యాసెట్‌లో తప్ప. ఎల్లుండి పాత సామాన్లాయన తూకానికి వేసుకుపోయేది దీన్నే.

నా చేతులతోనే విరిచాను

ముందు మిషన్ సంగతి. ఇన్నేళ్ళు పక్కన పడున్న కంప్యూటర్‌కి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. విప్పి దుమ్ము దులిపాను. కెపాసిటర్లు ఉబ్బలేదు, కారలేదు. స్పెక్ట్రమ్ అడాప్టర్‌కి ఒక తిరకాసు ఉంది. మనం వాడే వాటిలో సాధారణంగా పిన్ను మధ్యలో ప్లస్ ఉంటుంది, దీనికి మధ్యలో మైనస్. తెలియక వేరేది గుచ్చితే పని అయిపోయినట్టే. టీవీ సంకేతం కూడా పాత పద్ధతిలో వస్తుంది కాబట్టి, లోపల ఒక రెసిస్టర్ విప్పి వీడియో తీగను నేరుగా బయటికి తెచ్చి, హాల్లో టీవీ పసుపు సాకెట్‌లో పెట్టాను.

స్విచ్ వేశాం. నల్లగా ఒక క్షణం. తర్వాత తెల్ల తెర, కింద సింక్లెయిర్ రీసెర్చ్, 1982 అని ఒక వరస. పిన్ని కూడా వంట ఆపి వచ్చి చూసింది. "బతికే ఉందిరా!" అంది.

సంతోషం పది నిమిషాలే. కీలు పనిచేయడం లేదు. ఈ కీబోర్డు కింద పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని తోకలు రెండు లోపలి సాకెట్లలో దిగి ఉంటాయి. ఇన్ని ఎండాకాలాలు అటక మీద ఉడికి అది అప్పడంలా అయింది. శుభ్రం చేద్దామని తోక లాగాను. టప్. చేతిలోకి వచ్చింది. తప్పు నాదే. అది విరుగుతుందని తెలిసి కూడా కొత్త పొర తెచ్చుకోకుండా వచ్చాను.

స్పెక్ట్రమ్‌లో క్యాసెట్ ఎక్కించాలంటే 'జె' నొక్కాలి, అప్పుడు తెర మీద లోడ్ అనే మాట మొత్తం పడుతుంది. ఒక్క మీట, ఒక్క మాట. ఇప్పుడు ఆ 'జె' లేదు. బాబాయి ఏమీ అనలేదు. "పోనీలేరా" అన్నాడు. ఆ మాటకి తిట్టినా బాగుండేదనిపించింది.

కూతను పట్టుకోవడం

కానీ కంప్యూటర్ చచ్చినా క్యాసెట్ బతికే ఉంది కదా. కూతే ప్రోగ్రామ్ అని ఈయనే కదా నాకు నేర్పింది! కూతను రికార్డు చేసుకుంటే చాలు.

క్యాసెట్‌ని వెలుతురులో పెట్టి చూశాను. అంచు మీద తెల్లటి బూజు. బూజుతో ఆడిస్తే టేపూ పోతుంది, ప్లేయర్ హెడ్డూ పోతుంది. స్క్రూలు విప్పి, దూది పుల్లతో నెమ్మదిగా తుడిచాను. లోపల టేపుని హెడ్డుకి అదిమే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంది. గేమ్ క్యాసెట్ నుంచి ఆ మెత్త తీసి దీనికి వేశాను. ప్లేయర్ నుంచి ల్యాప్‌టాప్‌కి తీగ వేసి నొక్కాను.

ముప్ఫై అయిదేళ్ళ కిందటి అదే కూత. పిన్ని వంటింట్లోంచి అరవలేదు ఈసారి.

రికార్డైన ఫైలుని స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్‌కి ఇచ్చాను. ఎమ్యులేటర్ అంటే ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పాత కంప్యూటర్‌లా నటించే యాప్. గీతలు పరిగెత్తి ఆగాయి. 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్'. ఈ మాట చూసి ఏడ్చిన పిల్లలు ఒక కాలంలో ఇంగ్లండు నిండా ఉన్నారు. రెండోసారి. అదే. మూడోసారి. అదే.

బాబాయి లేచొచ్చాడు. "హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటది. దాన్ని తిప్పుతూ విను. కూత పదునుగా ఎప్పుడొస్తదో అక్కడ ఆపు" అన్నాడు. నిజమే. రికార్డు చేసిన ప్లేయర్ హెడ్డు ఎంత వాలుగా ఉందో, ఆడించే ప్లేయర్ హెడ్డు అంతే వాలుగా ఉండాలి. లేకపోతే కూత మొద్దుబారుతుంది. నేను స్క్రూ తిప్పుతుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, ఉంచు."

నాలుగోసారి ఎర్రర్ రాలేదు.

పదహారు గడుల గోదావరి

ముందు తెర మీద పెద్దక్షరాలతో 'గోదావరి' అని వచ్చింది. తెలుగులో!

అర్థం చేసుకోండి. ఆ కంప్యూటర్‌కి తెలుగు రాదు. తెలుగుకి యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. అప్పటిదాకా కంప్యూటర్‌లో తెలుగు కావాలంటే ఎవరి తంటాలు వాళ్ళు పడాలి. స్పెక్ట్రమ్‌లో మన సొంత బొమ్మలు గీసుకోవడానికి 21 గడులు ఇస్తారు. ఒక్కో గడి ఎనిమిది చుక్కలు అడ్డం, ఎనిమిది చుక్కలు నిలువు. బాబాయి ఒక్కో తెలుగు అక్షరానికి నాలుగు గడులు వాడాడు. నాలుగక్షరాలకి పదహారు. గడుల నోటుపుస్తకం తెరిస్తే ఆ లెక్కంతా ఉంది. చుక్క ఉన్నచోట 1, లేనిచోట 0. 'గో' అక్షరం దీర్ఘం గడిలో ఇమడక నాలుగుసార్లు కొట్టేసి రాశాడు. మిగిలిన అయిదు గడుల్లో ఒక పడవ, ఒక కొంగ, గుమ్మం, కిటికీ, ఇంటి ముందు కూచున్న ఒక మనిషి.

ఇవాళ మీరు ఫోన్‌లో 'గోదావరి' అని కొడితే అది 21 బైట్లు. మనం లెక్కే చేయం. 2018లో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం వచ్చి ఐఫోన్లు ఆగిపోయినప్పుడు ప్రపంచమంతా తెలుగు గురించి మాట్లాడింది గుర్తుందా? అంత పెద్ద కంపెనీలకే తెలుగు అక్షరం అప్పుడప్పుడు తలనొప్పి. పాల్వంచ క్వార్టర్స్‌లో ఒకాయన ఒంటరిగా, పెన్సిల్‌తో దాన్ని లొంగదీశాడు.

తర్వాత ఇల్లు వచ్చింది. నాలుగు గీతల గోడ, వాలు పైకప్పు, అటు పక్కన చింతచెట్టు. మీట నొక్కాను. కింద నుంచి నీలం లేచింది. పక్కన అంకె పెరుగుతోంది. నీలం చెట్టుని తాకగానే ఆకుపచ్చ ఆకులు గడులు గడులుగా నీలమైపోయాయి. అది స్పెక్ట్రమ్‌కి ఉన్న పెద్ద లోపం, ఒక గడిలో రెండు రంగులకి మించి పట్టవు. గేములు రాసేవాళ్ళు దాన్ని తిట్టుకునేవాళ్ళు. ఇక్కడ మాత్రం నీళ్ళు చెట్టుని నిజంగా మింగినట్టే ఉంది. గోడ పోయింది, కప్పు పోయింది. 75.6 దగ్గర అంకె ఆగింది. తెరంతా నీలం.

ముగ్గురం మాట్లాడలేదు.

"ఇంకోసారి నొక్కరా" అంది పిన్ని.

నొక్కాను. నీళ్ళు దిగాయి. కప్పు, గోడ, గుమ్మం. గుమ్మం ముందు ఆ చిన్న మనిషి.

ఒడ్డు మీద

ఆదివారం పొద్దున ముగ్గురం భద్రాచలం పోయాం. బెంగళూరు పోయేలోపు రాముణ్ణి ఒకసారి చూడాలని పిన్ని కోరిక. దారిలో రెండు పక్కలా జామాయిల్ తోటలు, వాటి సన్నటి తెల్ల మొదళ్ళు వానకి తడిసి మెరుస్తున్నాయి. సారపాకలో పేపర్ మిల్లు వాసన. ఆ తర్వాత వంతెన. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన ఇది. ఇప్పుడు పక్కనే రెండోది కూడా ఉంది.

దర్శనమయ్యాక కరకట్ట మీద నిలబడ్డాం. గోదావరి ఎర్రగా, నురగలతో పోతోంది. ఇంకా మొదటి హెచ్చరిక దాకా రాలేదు. అవతలి ఒడ్డున అడవి మసకగా కనిపిస్తోంది. 2014లో ఇక్కడ సరిహద్దులు మారాయి. ఊరు దాటి కాస్త పోతే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. నది మాత్రం రెండు రాష్ట్రాలదీ.

బాబాయి జేబులోంచి తన ఫోన్ తీశాడు. రాత్రే ఆయన ఫోన్‌లో ఎమ్యులేటర్ వేసి ప్రోగ్రామ్ ఎక్కించి ఇచ్చాను. నదికి ఎదురుగా నిలబడి మీట నొక్కాడు. నీళ్ళు లేపాడు, దించాడు. రెండుసార్లు. అప్పుడు ఫోన్ జేబులో పెట్టుకుని, "తీసిందమ్మా" అన్నాడు. మాతో కాదు.

పాత కంప్యూటర్లు ఎందుకు దాస్తావని నన్ను చాలామంది అడుగుతారు. ఫిన్లాండ్, జర్మనీ దేశాలు పాత కంప్యూటర్ల మీద మొదలైన డెమోసీన్ కళని తమ సాంస్కృతిక వారసత్వంలో చేర్చుకున్నాయనీ, కేంబ్రిడ్జ్‌లో వీటికి మ్యూజియమే ఉందనీ, స్పెక్ట్రమ్‌కి ఇప్పటికీ కొత్త గేములు రాస్తున్నారనీ చెప్పేవాణ్ణి. అవన్నీ నిజమే. కానీ ఇప్పుడు ఆ జవాబు చెప్పను. మా ఇల్లు చూపిస్తాను.

నెల తర్వాత ఇంగ్లండు నుంచి కొత్త కీబోర్డు పొర వచ్చింది. ఇప్పటికీ తయారుచేస్తున్నారు! అది వేసి, ప్రోగ్రామ్‌ని అసలు మిషన్‌లోకే ఎక్కించాను. క్యాసెట్ ప్లేయర్ బదులు నా పాత ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీగ వేసి కూత వినిపించాను. మొదటిసారి మధ్యలో వాట్సాప్ మెసేజ్ టింగుమంది, లోడింగ్ ఎర్రర్ వచ్చింది. చూస్తే బెంగళూరు నుంచి బాబాయి: "ఎక్కిందా?"

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఎక్కింది.

మీ అటక మీద ఉంటే

పాత కంప్యూటర్, టీవీ గేమ్ ఏది దొరికినా వెంటనే ప్లగ్ పెట్టకండి. అడాప్టర్ మీద వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తు చూడండి. తెలిసినవాళ్ళతో విప్పించి చూపించండి.

పేరు రాయని క్యాసెట్లు పారేయకండి. అందులో ప్రోగ్రామ్ ఉండొచ్చు, తాత గొంతు ఉండొచ్చు. బూజు ఉంటే తుడవకుండా ఆడించకండి. ఆడించే మొదటిసారే రికార్డు చేసుకోండి, రెండో అవకాశం ఉండకపోవచ్చు.

పెట్టెతోపాటు ఉన్న నోటుపుస్తకాలు, చీటీలు కూడా దాచండి. మిషన్ ఇంకోటి దొరుకుతుంది. చేతిరాత దొరకదు.

ఇలా వెళ్ళొచ్చు

రైల్లో అయితే భద్రాచలం రోడ్ స్టేషన్, అంటే కొత్తగూడెంలో దిగాలి. అక్కడి నుంచి బస్సులో పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు. ఖమ్మం నుంచి నేరుగా ఆర్టీసీ బస్సులున్నాయి. పాల్వంచ దగ్గర కిన్నెరసాని రిజర్వాయర్, భద్రాచలం దగ్గర పర్ణశాల చూడొచ్చు. జూలై, ఆగస్టుల్లో అయితే బయలుదేరే ముందు గోదావరి నీటిమట్టం ఎంతుందో తప్పకుండా చూసుకోండి.